అరువు అనుభవం: ఒక ప్రాజెక్టు డైరీ

కొత్త బాధ్యత నెత్తిన పడి, ఆ పనిలో తలపండినవాళ్లు చుట్టూ ఉన్నా వాళ్ల నుంచి ఏమీ రాబట్టుకోలేకపోతున్నవారి కోసం ఈ డైరీ. నాది యంత్రాల మరమ్మతు విభాగం. విప్పడం, బిగించడం చేతికి వచ్చిన విద్యే. మనుషుల చేత పని చేయించడం, గడువు చెప్పడం, చెడు కబురు పైవాళ్లకు చేరవేయడం, దేన్ని ఎప్పుడు ఆపాలో తేల్చుకోవడం మాత్రం సూపర్‌వైజర్ అయ్యాకే ఎదురయ్యాయి. వీటికి మాన్యువల్ ఉండదు.

చదువుకు నాలుగు పాదాలని పెద్దలు లెక్క చెప్పేవారు. ఒక పాదం గురువు నుంచి, ఒక పాదం సొంత బుద్ధితో, ఒక పాదం తోటివారి నుంచి, మిగిలిన పాదం కాలం గడిచేకొద్దీ వస్తుందట. ఆ నాలుగో పాదాన్ని ఎంతవరకు ముందుకు జరపవచ్చో చూడటమే ఈ ప్రాజెక్టు. నా దగ్గర లేని కాలం ఇతరుల దగ్గర ఉంది. దాన్ని అడిగి తీసుకోవడానికి ఒక పద్ధతి కావాలి. వినే గుణం ఒక్కటే చాలదని మొదటి దశలోనే తేలింది.

వాడిన సామాను:

1. అరచేయంత గీతల కార్డులు, వాటికో అట్టపెట్టె
2. ఫోనులో రికార్డరు (ఎదుటివారు సరే అన్నాకే)
3. స్టాప్‌వాచ్
4. కార్డులను జతపరచడానికి గుండుసూదులు

దశ 1: సలహా అడగడం (పనిచేయలేదు)

మొదటి విడతలో అందరినీ ఒకే ప్రశ్న అడిగాను: "ఈ పనిలోకి కొత్తగా వచ్చినవాడికి మీరిచ్చే సలహా ఏమిటి?" మర్యాదైన ప్రశ్న. జవాబులూ మర్యాదగానే వచ్చాయి. పెట్టెలో 24 కార్డులు చేరాక వాటిని బల్ల మీద పరిచి, ఒక్కో కార్డుకూ ఒకే పరీక్ష పెట్టాను: దీని వల్ల రేపు ఉదయం షిఫ్టులో నేను చేసే పని ఏదైనా మారుతుందా?

మారేవి మూడే. మిగతా 21 కార్డుల్లో ఉన్నది ఇది: ఓపిక ఉండాలి. అందరినీ కలుపుకుపోవాలి. తొందరపడకూడదు. సమయం వస్తే వెనకాడకూడదు. కింది వాళ్ల మాట వినాలి. వీటిలో అబద్ధం ఒక్కటీ లేదు, అక్కరకు వచ్చేదీ ఒక్కటీ లేదు. ఎంత ఓపిక పట్టాలి, ఎవరి మీద, ఏది కనబడినప్పుడు ఓపిక చాలించాలి అన్నది ఏ కార్డు మీదా లేదు.

తప్పు చెప్పినవాళ్లది కాదు, ప్రశ్నది. సలహా అడిగితే మనిషి తన అనుభవాన్నంతా ఒక్క వాక్యంలోకి కుదించి ఇస్తాడు. రసమంతా ఆయన దగ్గరే ఉండిపోతుంది, మన చేతికి పిప్పి వస్తుంది.

లెక్క: కార్డులు 24. రేపటి పనిని మార్చేవి 3.

దశ 2: సలహా బదులు సంఘటన

మార్చింది ప్రశ్నను. ఈ దారి నేను కనిపెట్టింది కాదు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికా వైమానిక దళం పైలట్ల మీద సాగిన పరిశోధనల నుంచి జాన్ ఫ్లానగన్ అనే మనస్తత్వవేత్త ఒక పద్ధతి రూపొందించి 1954లో ప్రచురించాడు. మంచి పైలట్ ఎలా ఉండాలని అడగకుండా, ఫలానా సందర్భంలో ఎవరు ఏం చేశారు, దాని వల్ల పని నెగ్గిందా చెడిందా అని అడగడం దాని సారం. అభిప్రాయాలను వదిలి జరిగినవాటిని పోగుచేయడం. నా అవసరానికి దాన్ని నాలుగు ప్రశ్నలుగా కుదించుకున్నాను.

1. ఈ విషయంలో మీ లెక్క తప్పిన ఒక రోజు చెప్పండి.
2. ఆ రోజు ముందుగా మీకు కనబడిన గుర్తు ఏమిటి?
3. అప్పుడు చేయడానికి ఇంకే దారి ఉంది? దాన్ని ఎందుకు వదిలేశారు?
4. ఆ తర్వాత మీ అలవాటులో ఏం మారింది?

"కింది వాళ్ల మాట వినాలి" అని మొదటి విడతలో చెప్పిన ఫోర్‌మన్ దగ్గరికే మళ్లీ వెళ్లాను. మరికొన్నాళ్లలో పదవీ విరమణ చేయబోతున్న మనిషి. మొదటి ప్రశ్నకు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత చెప్పారు.

"కుర్రాడొకడు వచ్చి, సార్, మోటారు దగ్గర శబ్దం తేడాగా ఉంది అన్నాడు. నేను కూర్చుని కాగితాలు రాస్తున్నాను. ఇది ముగించి వస్తాను, నువ్వు పద అన్నాను. ముగించి వెళ్లేసరికి బేరింగు పట్టేసింది. షాఫ్టు కూడా దెబ్బతింది."

నాలుగో ప్రశ్న అడిగాను.

"అప్పటి నుంచి ఎవరైనా వచ్చి తేడాగా ఉంది అంటే ముందు కుర్చీలోంచి లేస్తాను బాబూ. వెళ్లాలా వద్దా అన్నది తర్వాతి సంగతి. కూర్చుని వింటే వాయిదా వేయాలనిపిస్తుంది. లేచి నిలబడ్డాక కాళ్లు అటే నడుస్తాయి."

ఈ మాట కోసమే ఈ ప్రాజెక్టు అనిపించింది. కింది వాళ్ల మాట వినాలని నాకు ముందే తెలుసు. వినడం ఎక్కడ తప్పిపోతుందో తెలియదు. అది కుర్చీలో తప్పిపోతుంది. ఆయనకు ఒక షాఫ్టు ఖర్చయి తెలిసింది, నాకు అడిగితే తెలిసింది. ఆ వారమే ఒక కుర్రాడు పంపు దగ్గర అదురు ఎక్కువగా ఉందని వచ్చాడు. లేచాను. వెళ్లి చూస్తే మోటారునూ పంపునూ కలిపే కప్లింగు బోల్టు ఒకటి వదులై ఉంది. ఆపి బిగించాం.

అక్కడి నుంచి కార్డు రూపం మారింది. ఒక్కో కార్డు మీద నాలుగే వరుసలు: జరిగింది, ముందు కనబడిన గుర్తు, మారిన అలవాటు, ఇది ఎక్కడ పనికిరాదు. నాలుగో వరుస మొదట్లో చాలా కార్డుల మీద ఖాళీగానే ఉండిపోయింది. దాని విలువ 8వ దశలో తెలిసింది.

లెక్క: పాతవాటిలో తీసేసినవి 21, ఉంచినవి 3. కొత్తవి 11. పెట్టెలో మొత్తం 14. రేపటి పనిని మార్చేవి 12.

దశ 3: నా మాటల కొలత

ప్రశ్నలు మంచివైనా కొన్ని సంభాషణలు చప్పగా ముగిశాయి. కారణం తెలియక ఒక రికార్డింగును స్టాప్‌వాచ్ పెట్టుకుని విన్నాను. అరగంట సంభాషణలో నా గొంతు 17 నిమిషాలు వినబడింది. నేర్చుకోవడానికి వెళ్లినవాడు సగానికి పైగా మాట్లాడుతున్నాడు.

ఏం మాట్లాడానో విడదీసి రాశాను. ఒకటి, ఆయన కథ సగంలో ఉండగా "నాకూ ఇలాగే జరిగింది" అంటూ నా కథ. రెండు, ప్రశ్నలోనే జవాబు అందించడం: "అప్పుడు మీరు ఆపేసి ఉంటారు కదా?" మూడు, నిశ్శబ్దం భరించలేక వేసిన అదనపు ప్రశ్నలు. వీటిలో ఎక్కువ నష్టం చేసింది మూడోది.

అమెరికా విద్యా పరిశోధకురాలు మేరీ బడ్ రో 1970లలో తరగతి గదుల్లో ఇదే కొలిచింది. ప్రశ్న వేశాక ఉపాధ్యాయులు జవాబు కోసం ఆగేది సుమారు ఒక సెకను. దాన్ని మూడు సెకన్లకు పెంచితే పిల్లల జవాబులు కొన్ని రెట్లు పొడవయ్యాయి, "తెలియదు" అనేవాళ్లు తగ్గారు. పెద్దవాళ్ల విషయంలో మూడు సెకన్లు కూడా చాలవని నా అనుభవం. ఇబ్బందికరమైన రోజును తలుచుకునే మనిషికి అంతకన్నా ఎక్కువ కావాలి.

మార్పులు:

1. ఎదుటివారి వాక్యం ముగిశాక మనసులో ఐదు లెక్కపెట్టడం.
2. నా సొంత కథ చెప్పాలనిపిస్తే కాగితం మీద ఒక చుక్క పెట్టి ఊరుకోవడం.
3. అవును, కాదు అని ముగిసే ప్రశ్నలు మానడం.

తర్వాత కొలిచిన అరగంట రికార్డింగులో నా వాటా 6 నిమిషాలు. పనికొచ్చే వాక్యాలు ఎక్కడ వచ్చాయో కూడా గుర్తుపెట్టి చూశాను. చాలావరకు "నిజానికి..." అనో "ఇంకోటి కూడా ఉంది" అనో మొదలయ్యాయి, అదీ నేను ఊరుకున్న చోటే.

లెక్క: ఈ దశలో కొత్తవి 6. పెట్టెలో 20.

దశ 4: కలం ఎప్పుడు తీయాలి

దీన్ని పట్టుకున్నది నేను కాదు, మా దగ్గర శిక్షణలో ఉన్న అమ్మాయి. ఒక షిఫ్టు ఇన్‌ఛార్జి మేడమ్‌తో మాట్లాడుతున్నప్పుడు, ఆవిడ అనుమతితోనే పక్కన కూర్చుంది. బయటికి వచ్చాక అంది: "సార్, మీరు కలం ఎత్తినప్పుడల్లా మేడమ్ మాట మారింది. మీరు రాసుకున్న మాట చుట్టూనే తిరిగారు. రాసుకోనివి వదిలేశారు."

రికార్డింగు వింటే అదే నిజం. "సిబ్బంది కొరత" అన్న మాట నేను రాసుకున్నాను. ఆ తర్వాత ఆవిడ మూడుసార్లు దాని దగ్గరికే వచ్చారు. అంతకుముందు సగంలో ఆగిపోయిన ఒక మీటరు రీడింగు సంగతి మళ్లీ ఎత్తలేదు. నా కలమే ఆవిడకు దారి చూపింది, తప్పుదారి. ముందొచ్చిన చెవుల కన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అని ఊరికే అనలేదు. వయసులో, హోదాలో పెద్దవాళ్లనే అడగాలన్న నియమాన్ని ఆ రోజే జాబితా నుంచి కొట్టేశాను.

ఇప్పటి పద్ధతి:

1. మాట్లాడుతున్నంతసేపు కలం జేబులోనే ఉంటుంది.
2. లేచి వచ్చిన గంటలోపు కార్డు రాయాలి.
3. రాసిన కార్డును చెప్పినవారికే చదివి వినిపించాలి.

గంట అన్న హద్దుకు కారణం ఉంది. జర్మన్ శాస్త్రవేత్త హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ 1885లో తన మీదే ప్రయోగాలు చేసి, కంఠస్థం చేసిన అర్థం లేని అక్షరాల మీద పట్టు సగానికి పైగా గంటలోనే జారిపోతుందని చూపించాడు. కథ అంత త్వరగా జారదు. కానీ కథలోని అంకెలు, వరుసక్రమం జారిపోతాయి. నాకు కావలసింది అవే.

మూడో మెట్టును దయచేసి వదలకండి. చదివి వినిపించిన తొలి 10 కార్డుల్లో 4 దిద్దుబాటుకు వచ్చాయి. నేను "వేడి పెరిగితే ఆపాలి" అని రాశాను. ఆ మేడమ్ విని తల అడ్డంగా ఊపారు. "పెరగడం మామూలే. నేను చూసేది అది ఎంత వేగంగా పెరుగుతోందన్నది. పది నిమిషాల్లో పెరిగిందా, రెండు గంటల్లో పెరిగిందా?" దిద్దకుండా వదిలేసి ఉంటే, వేడి ఉన్న ప్రతి యంత్రాన్నీ ఆపుతూ, దానికి ఆవిడ అనుభవాన్నే సాక్ష్యంగా చూపించేవాడిని.

లెక్క: కొత్తవి 6. పెట్టెలో 26. దిద్దినవి 4.

దశ 5: విన్నది ఎంత వాడుకున్నాను?

ఎక్కువ కాలం పట్టింది ఈ దశకే. వినడం బాగుపడింది, కార్డులు బాగుపడ్డాయి. నిర్ణయాలు మారుతున్నాయా లేదా అన్నది తేలలేదు. దాన్ని అంకెల్లో చూడటానికి మరమ్మతు గడువుల అంచనాలు తీసుకున్నాను, ఎందుకంటే వాటిలో నిజం తర్వాత తానే బయటపడుతుంది.

కొలిచే విధానం:

1. ముందుగా నా అంచనా కాగితం మీద రాసి మడిచి పెట్టాలి.
2. ఆ పని చేసినవారిని వారి అంచనా అడగాలి. నాది చెప్పకూడదు.
3. పైవాళ్లకు చెప్పిన చివరి అంకె రాయాలి.
4. చివరి అంకెలోంచి నా అంకె తీసేయాలి. వారి అంకెలోంచి కూడా నా అంకె తీసేయాలి. మొదటిదాన్ని రెండోదానితో భాగించాలి.

వచ్చేది 0 అయితే వారి మాట అసలు వాడుకోలేదని అర్థం. 1 అయితే పూర్తిగా వారి అంకెకే వచ్చేశామని అర్థం.

ఒక పంపు పూర్తి మరమ్మతు ఉదాహరణ ఇస్తాను. నా అంచనా 10 గంటలు. ఆ పని ఎన్నోసార్లు చేసిన మెకానిక్ అంచనా 18. పైకి నేను చెప్పింది 12. అంటే 2ను 8తో భాగిస్తే 0.25. ఆయన మాటకు పావు వంతు బరువే ఇచ్చాను. అసలు పట్టింది 17 గంటలు.

ఇతర పనుల్లోనూ అంకె ఇంచుమించు అక్కడే తిరిగింది. ఇది నా ఒక్కడి గుణం కాదు. ఇలన్ యానివ్, ఎలీ క్లైన్‌బర్గర్ అనే పరిశోధకులు 2000లో ప్రచురించిన ప్రయోగాల్లో కూడా, సలహా అందుకున్నవాళ్లు తమ మొదటి అభిప్రాయానికే ఎక్కువ బరువు ఇచ్చారు. వాళ్లు సూచించిన కారణం నా కాగితాల్లోనూ కనబడింది. నా అంకె వెనక ఉన్న ఆలోచనలన్నీ నాకు తెలుసు. ఎదుటివారి అంకె వెనక ఏముందో తెలియదు. తెలిసినదాని వైపే మనసు మొగ్గుతుంది. చెవి తెరిచి ఉంచితే చాలదు, ఆ అంకె లోపలికి వెళ్లాలి.

అందుకే ఒక ప్రశ్న చేర్చాను: "మీ లెక్కలో ఉన్నవి, నా లెక్కలో లేనివి ఏమిటి?" మెకానిక్ వెంటనే చెప్పాడు: విద్యుత్తు నిలిపివేతకు అనుమతి కాగితం వచ్చేదాకా వేచి ఉండటం, అతుకుల మధ్య కారకుండా వేసే గాస్కెట్ పాతదాన్ని గీకడం, పైపులు బిగించాక కప్లింగు అమరిక మళ్లీ సరిచూడటం. నా లెక్కలో పంపు విప్పడం, బిగించడమే ఉన్నాయి. అంతే, ఇక ఆయన అంకెను పక్కన పెట్టడానికి చేయి రాలేదు.

ఇప్పటి నియమం: ఆ రకం పనిని నాకన్నా ఎక్కువగా చూసినవారి అంకెకు కనీసం సగం బరువు. అంతకన్నా తగ్గించాలంటే కారణం రాయాలి. ఇద్దరిని అడిగితే విడివిడిగా అడగాలి. బ్రిటిష్ శాస్త్రవేత్త ఫ్రాన్సిస్ గాల్టన్ 1906లో ఇంగ్లండులోని ప్లిమత్ పశు ప్రదర్శనలో జరిగిన ఎద్దు బరువు పందెం కాగితాలు తీసుకుని లెక్కవేసి, ఫలితం 1907లో ప్రచురించాడు. చెల్లిన 787 అంచనాల్లో సరిగ్గా నడుమ నిలిచిన అంకె 1,207 పౌండ్లు. కోసి శుభ్రం చేశాక తూగిన బరువు 1,198. తేడా ఒక శాతం కూడా లేదు. అక్కడ ఎవరి కాగితం వారు విడిగా రాశారు. మా దగ్గర మొదట ఇద్దరు మెకానిక్‌లను ఒకే బల్ల దగ్గర అడిగితే, చిన్నవాడు పెద్దవాడి అంకెనే తిప్పి చెప్పాడు. రెండు అంచనాలు తీసుకున్నాననుకున్నాను, చేతికి వచ్చింది ఒకటే.

లెక్క: ఎదుటివారి మాటకు ఇచ్చిన బరువు మొదట్లో సుమారు 0.25, ఈ దశ ముగిసేసరికి 0.5 పైన. కార్డులు 26, మార్పు లేదు.

దశ 6: నిలబడినవాళ్లే దొరికారు

పెట్టెను మనుషుల వారీగా వేరుచేసి చూస్తే ఒక లోపం బయటపడింది. కార్డులిచ్చినవాళ్లంతా ఈ ఉద్యోగంలో నిలబడి పైకి వచ్చినవాళ్లే. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా గణాంక బృందంలో పనిచేసిన ఏబ్రహాం వాల్డ్ తిరిగి వచ్చిన విమానాల మీది తూటా రంధ్రాలను లెక్కించే పనిలో ఇదే చిక్కును విప్పాడు. రంధ్రాలు కనబడని చోటే దెబ్బ ప్రమాదకరం, ఎందుకంటే అక్కడ తగిలిన విమానాలు తిరిగి రాలేదు. నా పెట్టెలో తిరిగి రాని విమానాలు లేవు.

సూపర్‌వైజర్ పని వదులుకుని మళ్లీ పనిముట్లు పట్టినవాళ్లను, వేరే విభాగానికి మారినవాళ్లను వెతికాను. మొదటి ప్రయత్నాలు చెడిపోయాయి. ఎదురుగా కూర్చుని "మీ లెక్క తప్పిన రోజు" అని అడిగితే మొహం మూసుకుపోతుంది. ఆ రోజు గాయం వాళ్లకు ఇంకా మానలేదు.

విమానయానంలో దీనికి ఏం చేశారో చూసి నేర్చుకున్నాను. అమెరికాలో 1976 నుంచి పైలట్లు, ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్లు తమకు ఎదురైన పొరపాట్లను నాసా నడిపే విభాగానికి రాసి పంపుతారు. నియంత్రించే సంస్థకు కాకుండా మూడో సంస్థకు పంపడం, రాసినవారి వివరాలు తొలగించడం ఆ ఏర్పాటుకు ప్రాణం. నేనూ నియమాలు మార్చాను: కార్డు మీద పేరు, హోదా ఉండవు. పని, పరిస్థితి మాత్రమే ఉంటాయి. మాట్లాడాక "ఇందులో ఏది కార్డు మీదికి రాకూడదు?" అని తప్పక అడుగుతాను. రికార్డరు తీసుకెళ్లను.

ఈ నియమాలతో వచ్చిన కార్డుల్లో ఒకటి పూర్తిగా రాస్తాను.

జరిగింది: నేను చేరిన కొన్నాళ్లకు నాకెవరూ చెడు కబురు చెప్పడం మానేశారు. అన్నీ పైవాళ్ల ద్వారా తెలిసేవి.
ముందు కనబడిన గుర్తు: మనుషులు నా దగ్గరికి ఇద్దరేసి రావడం మొదలైంది. ఒంటరిగా ఎవరూ వచ్చేవారు కాదు.
మారిన అలవాటు: అప్పట్లో ఎవరేం చెప్పినా "ఎందుకు జరిగింది?" అనేవాడిని. నాకది ప్రశ్న, వినేవాడికి నేరారోపణ. ఇప్పుడైతే "నీకు ఏం కనబడింది?" అంటాను.
ఎక్కడ పనికిరాదు: మనుషులకు ప్రమాదం ఉన్నచోట. అక్కడ ముందు ఆపాలి, ప్రశ్నలు తర్వాత.

నెగ్గినవాళ్ల కార్డుల్లో ఒక్కటీ "ఇద్దరేసి రావడం" లాంటి గుర్తు ఇవ్వలేదు. వాళ్లకు ఆ దశ రాలేదు కాబట్టి కనబడలేదు.

లెక్క: కొత్తవి 5. పెట్టెలో 31.

దశ 7: చెప్పడానికి రానిది

1990లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఎలిజబెత్ న్యూటన్ చేసిన ప్రయోగంలో కొందరు తెలిసిన పాటల లయను బల్ల మీద వేళ్లతో తట్టారు. వినేవాళ్లు సగం పాటలు గుర్తుపడతారని తట్టినవాళ్లు అనుకున్నారు. 120 పాటల్లో గుర్తుపట్టినవి 3. తట్టేవారి తలలో పాట మోగుతూ ఉంటుంది, అది ఎదుటివారికి వినబడటం లేదని వారికి తోచదు. అనుభవజ్ఞుల మాటల్లో ఖాళీలు ఉండేది ఇందుకే. దాచిపెట్టాలని కాదు.

కాబట్టి కొన్ని పనుల్లో చెప్పించుకోవడం మానేశాను. నేను చేసి చూపిస్తాను, వారు చూస్తారు. తర్వాత ఒకటే ప్రశ్న: "ఎక్కడ అడ్డుపడాలనిపించింది?"

షిఫ్టు మారేటప్పుడు ఇచ్చే సమాచారాన్ని ఒక పాత ఇన్‌ఛార్జి ముందు ఇచ్చి చూపించాను. "మూడో లైను మామూలే" అన్నానో లేదో చేయి ఎత్తారు. "ఏది చూసి మామూలు అన్నావు?" నిజానికి రీడింగు చూడలేదు, ఎవరూ ఫిర్యాదు చేయలేదు కాబట్టి మామూలు అన్నాను. ఆ సంగతి ఆయన ముందు సంభాషణలో ఒక్కసారైనా చెప్పలేదు. ఆయనకది చెప్పవలసిన విషయంగానే తోచలేదు.

లెక్క: కొత్తవి 4. పెట్టెలో 35.

దశ 8: పరీక్ష, తిరిగి చెప్పడం

ఎవరో చెప్పారని ఏదీ శాశ్వతం చేయలేదు. ఒక్కో కార్డుకూ ఇదే వరుస:

1. ఒక్క అలవాటు, ఒక్క షిఫ్టులో మాత్రమే.
2. ఏది కనబడితే విఫలమైందని ఒప్పుకోవాలో ముందే రాయాలి.
3. ఫలితం ఏదైనా కార్డు ఇచ్చినవారికి వెళ్లి చెప్పాలి.

బ్రిటిష్ నౌకాదళ వైద్యుడు జేమ్స్ లిండ్ 1747లో సాలిస్‌బరీ అనే ఓడ మీద స్కర్వీ (తాజా పండ్లు, కూరలు లేక నావికులకు వచ్చే జబ్బు) రోగులు 12 మందిని ఆరు జతలుగా చేసి, ఒక్కో జతకు ఒక్కో చికిత్స ఇచ్చాడు. నారింజలు, నిమ్మపండ్లు తిన్న ఇద్దరు త్వరగా కోలుకున్నారు. ఆ ఫలితం 1753లో అచ్చులోకి వచ్చింది. బ్రిటిష్ నౌకాదళం నిమ్మరసాన్ని అందరికీ ఇవ్వడం మొదలుపెట్టింది 1795లో. చిన్న పరీక్ష చాలు, పెద్ద పరీక్ష అక్కర్లేదు. దాని ఫలితం చెవినపడితే చాలదు, చేతికి రావాలి. ఆ మధ్య గడిచిన ఏళ్లలో పోయిన నావికులను తలుచుకుంటే, అందుబాటులో ఉన్న జ్ఞానాన్ని అడగకుండా ఉండటం చిన్న విషయంలా అనిపించదు నాకు.

ఇక నా వైఫల్యం. 4వ దశలోని షిఫ్టు ఇన్‌ఛార్జి మేడమ్ కార్డు ఒకటి: "రోజూ పొద్దున్నే ఒక్కొక్కరినీ ఇబ్బంది ఏమిటని అడుగుతాను." షిఫ్టు మొదట్లో అందరినీ వరుసగా నిలబెట్టి అడిగాను. "ఏమీ లేదు సార్" అని ఒకరి వెంట ఒకరు. కొన్నాళ్లు అదే జవాబు. విఫలం అని రాసి, మొహమాటం పక్కనపెట్టి ఆవిడకు చెప్పాను.

"వరుసలో నిలబెట్టి అడిగావా? అలా అడిగితే ఎవరు చెబుతారయ్యా? నేను యంత్రం దగ్గరికే వెళ్లి, దాని మీద చెయ్యి వేసి అడుగుతాను. వాళ్లు ఇబ్బందిని నోటితో చెప్పరు, వేలితో చూపిస్తారు."

కార్డు ఇచ్చినప్పుడు ఈ ముక్క లేదు. చదివి వినిపించినప్పుడూ రాలేదు. నా వైఫల్యం ఆవిడ ముందు పెట్టాకే బయటికి వచ్చింది. యంత్రం దగ్గర అడగడం మొదలుపెట్టిన షిఫ్టులోనే ఒకతను జారిపోతున్న బెల్టును వేలితో చూపించాడు. కార్డులోని నాలుగో వరుస, ఎక్కడ పనికిరాదు అన్నది, ఇలాగే నిండుతుంది. మొదటి సంభాషణలో ఆ వరుసను ఎవరూ నింపలేరు.

తిరిగి వెళ్లి చెప్పడం వల్ల మరో లాభం కూడా ఉంది. ఫలితం విన్నవాళ్లు తర్వాత తామే పిలిచి చెబుతున్నారు. అడిగి మాయమైపోయేవాడికి రెండోసారి ఎవరూ మనసు విప్పరు. మీరు ఈ డైరీ నుంచి ఒక్క మెట్టే తీసుకుంటే ఇది తీసుకోండి.

లెక్క: పరీక్షకు పెట్టిన కార్డులు 12. నిలిచినవి 7. షరతు చేర్చి ఉంచినవి 2. తీసేసినవి 3. పెట్టెలో 32.

దశ 9: ఒకదానికొకటి ఎదురు నిలిచే కార్డులు

ఇప్పుడు నడుస్తున్నది ఇదే. పెట్టెలో మూడు జతలు పరస్పరం కొట్టుకుంటున్నాయి. వాటిని గుండుసూదితో జతపరిచాను. ఒకటి తేలింది. "అనుమానం వస్తే ఆపేయ్" అని ఒక కార్డు, "అనుమానం మీద ఆపకు, ఒక షిఫ్టు గమనించు" అని మరొకటి. ఇద్దరినీ మళ్లీ అడిగితే, మొదటాయన పనిచేసిన యంత్రాలు ఆపి మళ్లీ నడిపితే చెక్కుచెదరనివి. రెండోవారు కొలిమి దగ్గర పనిచేశారు. అక్కడ ఆపితే లోపలి ఇటుకలు చల్లబడి పగుళ్లిస్తాయి. రెండు కార్డులూ నిజమే. జత మీద ఇలా రాశాను: ఆపితే కలిగే నష్టం పెద్దదా, ఆపకపోతే కలిగే నష్టం పెద్దదా? ముందు అది అడుగు.

రెండో జత గడువు చెప్పేటప్పుడు అదనపు సమయం కలపాలా వద్దా అన్నది. 5వ దశ కాగితాలు ఇంకొన్ని చేరితే తేలుతుంది.

మూడో జత గట్టిది. తప్పు చేసిన మనిషిని అక్కడికక్కడే అందరి ముందు దిద్దాలని ఒకరు, పక్కకు పిలిచి దిద్దాలని మరొకరు. ఇద్దరి వెనకా బలమైన సంఘటనలే ఉన్నాయి. ఇద్దరూ మెట్టు దిగలేదు. ఒకరి కథలో అక్కడికక్కడ చెప్పకపోవడం వల్ల పక్కనున్న మరో ఇద్దరు అదే తప్పు చేశారు. మరొకరి కథలో అందరి ముందు మాట పడిన మనిషి ఆ తర్వాత తప్పులు దాచడం మొదలుపెట్టాడు. నా ఊహ: పనిని అందరి ముందు దిద్దవచ్చు, మనిషిని కాదు. ఊహ కాబట్టి కార్డు మీదికి ఎక్కించలేదు. వచ్చే నెల ఒక షిఫ్టులో పరీక్షించి, ఇద్దరికీ ఫలితం చెప్పాలి. శిక్షణలో ఉన్న అమ్మాయినీ అడగాలి. మాట పడే వైపు నిలబడింది ఈ మధ్య ఆమే.

లెక్క: పెట్టెలో 32. జతపరిచినవి 6. తేలిన జత 1, మిగిలినవి 2.